గోష్ఠిగానంలో పిల్లలు, వృత్తి గాయకులు కలిసి పాడేచోట మీ అనుభవాలు ఏమిటి?

గిరింపేట_అమ్మ:
అందరికీ నమస్కారం. మేము చిత్తూరులో ఉంటాము. మా అమ్మాయికి పదేళ్లు. మూడేళ్లుగా సంగీతం నేర్చుకుంటున్నది, గీతాలు పూర్తయి ఇప్పుడే వర్ణాలలో అడుగుపెట్టింది. తిరుపతిలోని ఒక గోష్ఠిగాన బృందంవారు గొంతు విని, అన్నమాచార్య సంకీర్తనలు పాడే పిల్లల వరుసలోకి తీసుకుంటామన్నారు. కచేరీలు చేసే గాయనీగాయకులు ఎనిమిదిమంది, పిల్లలు ముప్పైమంది దాకా ఉంటారట. ప్రతి ఆదివారం సాధన. పెద్దల గొంతుతో సమంగా పాడాలని పిల్ల అరిచి గొంతు చెడగొట్టుకుంటుందేమోనని నా మొదటి భయం. సొంత పాఠం వెనకబడుతుందా, దుస్తులకు ఎంత అవుతుంది, కార్యక్రమాలప్పుడు పిల్లలను ఎవరు చూసుకుంటారు, సాయంత్రం ఆలస్యమైతే చిత్తూరుకు బస్సు దొరుకుతుందా అన్నవి మిగిలిన సందేహాలు. పిల్లలను పంపినవారు చెప్పగలరు.

మూడు_పట్టుపావడాలు:
గొంతు సంగతి నాకు తెలియదు కానీ ఖర్చు సంగతి చెప్పగలను. మా పాపను రెండేళ్లు పంపాను. మొదటి ఏడాది ఆకుపచ్చ పావడాకు ఎర్ర అంచు అన్నారు. రెండో ఏడాది బ్రహ్మోత్సవాల ముందు అది టీవీలో బాగా కనబడడం లేదని పసుపు అన్నారు. ఆ పసుపు ముందువరుస వారికేనని, వెనకవరుసకు నీలమని కుట్టించిన తరువాత తెలిసింది. మూడు పావడాలూ ఇప్పుడు బీరువాలో ఉన్నాయి, పాప పొడవు పెరిగింది. పెద్దవారికి కవరులో సంభావన ఇచ్చారు, ఇవ్వవలసిందే, కాదనను. మా పాపకు ఇచ్చిన ప్రశంసాపత్రంలో మాత్రం పేరు తప్పు రాశారు. దిద్ది ఇమ్మని మూడుసార్లు అడిగాను, ఇంతవరకు రాలేదు.

కొర్లగుంట_గాయని:
పై సోదరి బాధ అర్థమైంది. అయితే ఆ కవరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. అరగంట కార్యక్రమానికి మేము మధ్యాహ్నం మూడింటికే చేరుకుంటాము. ముందరి కార్యక్రమం సాగితే రాత్రి ఎనిమిదింటికి వేదిక ఎక్కిన రోజులున్నాయి. ఆ ఐదు గంటలూ పిల్లలకు మంచినీళ్లు అందించేది, జడలు సర్దేది, నిద్రపోయినవారిని లేపి ముఖం కడిగించేది గాయనులమే, నిర్వాహకులు కారు. సంభావన పాటకు ఇస్తున్నారు, ఈ పనికి కాదు. అమ్మాయిని చూసుకునేవారు ఉంటారా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఉంటారు, కానీ ఒక తల్లో తండ్రో వెంట వస్తే మాకు మేలు.

గొంతు గురించి భయపడవలసినది లేదు. మా బృందంలో నాలుగున్నర శ్రుతిలో పాడతాము, అంటే పాటకు ఆధారమైన ‘స’ ఎత్తు అది, అంకె పెరిగిన కొద్దీ గొంతు పైకి వెళ్లాలి. అందరికీ సరిపోతుంది.

ఆరు_శ్రుతి:
నాలుగున్నర అందరికీ సరిపోతుందన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను, ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. పదేళ్ల పిల్లకు సహజమైన శ్రుతి ఐదున్నర, కొందరికి ఆరు. మగవారికి ఒకటి నుంచి రెండు. ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఒక మెట్టు పట్టుకుని ఇదే సమన్వయం అంటే ఇద్దరికీ నష్టమే. నాలుగున్నరలో మంద్రపంచమానికి, అంటే కింది స్థాయి ‘ప’కు దిగినప్పుడు పిల్లల నోట గాలి తప్ప నాదం రాదు. తారస్థాయిలో గాంధారం, అంటే పై స్థాయి ‘గ’ తాకవలసి వచ్చినప్పుడు మగవారి మెడనరాలు తేలుతాయి. ఆ శ్రుతి సుఖంగా ఉండేది ఒక్క మధ్యవయసు గాయనికే. కాబట్టి అది అందరికీ సరిపోయే శ్రుతి కాదు, మీకు సరిపోయే శ్రుతి.

కొర్లగుంట_గాయని:
నా వయసు మీకు ఎవరు చెప్పారు? శ్రుతి నిర్ణయించేది నేను కాదు, బృందనాయకులు. ఆరాధనోత్సవాలలో త్యాగరాజ పంచరత్నాలను వందలమంది స్త్రీపురుషులు ఒకే శ్రుతిలో పాడుతున్నారు. అక్కడ ఎవరి నరాలు తెగాయో సెలవివ్వండి.

ఆరు_శ్రుతి:
తెగలేదు, ఎందుకంటే అక్కడ పాడలేని చోట ఎవరికి వారు ఊరుకుంటారు. వందల గొంతుల్లో ఇరవై ఆగినా తెలియదు. ఎనిమిదిమంది పెద్దలు, ముప్పైమంది పిల్లలు ఉన్న బృందంలో ఆగినవారి ఖాళీ వినబడుతుంది. అందుకే పిల్లలు ఆగకుండా నొక్కి పాడతారు, నొక్కిన కొద్దీ గొంతు బొంగురుపోతుంది. గిరింపేట సోదరి అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇది. శ్రుతి ఐదున్నరకు పెట్టి, మగవారు ఒక స్థాయి కిందికి దిగి పాడి, మరీ దిగలేని చోట్ల మౌనంగా ఉంటే పిల్లలకు ఏ హానీ లేదు. మౌనంగా ఉండడమే వృత్తి గాయకులకు కష్టం. మీ వయసు గురించి రాసినందుకు క్షమించండి, ఆ మాట అనవసరం.

తని_ఆవర్తనం:
నేను మృదంగం వాయిస్తాను. మీరంతా శ్రుతి దగ్గర తగువులాడుతున్నారు గాని, గోష్ఠిగానాన్ని ముంచేది కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం. పిల్లలు పల్లవి ఎత్తుకున్న నడక ఒకటి, రెండో చరణానికి వచ్చేసరికి నడక మరొకటి. ఉత్సాహం కొద్దీ పరుగెత్తుతారు. వృత్తి గాయకులు లాగి పట్టబోతారు. నడుమ నేను ఎవరివైపు వాయించాలి? ఒకసారి పిల్లలు అర అక్షరం ముందు, పెద్దలు అర అక్షరం వెనక ఉండగా నేను మధ్యలో వాయించుకుంటూ పోయాను. ముగింపులో ముగ్గురం మూడుచోట్ల దిగాము. తెర వేసిన తరువాత నిందంతా మృదంగం మీదకు వచ్చింది. అప్పటినుంచి నేను నిర్మొహమాటంగా పిల్లలవైపే వాయిస్తాను. పెద్దలకు సర్దుకోవడం వచ్చు, పిల్లలకు రాదు.

థేమ్స్_నుంచి_స్వర్ణముఖికి:
నేను ఇంగ్లండులో ఆరేళ్లు ఉండి వచ్చినవాణ్ణి, అక్కడి చర్చి గాయకబృందాలను దగ్గరగా విన్నాను కనుక కొంత అధికారంతోనే రాస్తున్నాను. పెద్ద కథీడ్రల్ బృందాలలో పిల్లలు, జీతం తీసుకునే వృత్తి గాయకులు కలిసి పాడే పద్ధతి శతాబ్దాలుగా ఉన్నది. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ బృందంలో పదహారుమంది బాలురు పాడతారు. పెద్దల వరుసలు అక్కడ చదువుకునే విద్యార్థులవి. పై వరుస మొత్తం పిల్లలదే, పెద్దలు కింది వరుసలలో ఉండి దాన్ని మోస్తారు. పిల్లలు పెద్దలకు అలంకారం కారు, పెద్దలే పిల్లలకు పునాది. వారికి అనుబంధంగా పాఠశాల కూడా ఉంటుంది కాబట్టి చదువు ఒకచోట, సాధన ఒకచోట అన్న బాధ లేదు. పూర్వం అంతా బాలురే, సాల్జ్‌బరీ కథీడ్రల్ 1991లో బాలికల బృందాన్ని ప్రారంభించింది. మనవారు ఈ పద్ధతిని అధ్యయనం చేస్తే నాలుగున్నరా ఐదున్నరా అన్న తగాదాయే ఉండదు.

ఆరు_శ్రుతి:
అయ్యా, వారిది హార్మనీ. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క స్వరపంక్తి రాసి ఉంటుంది. మనది ఏకస్వర సంప్రదాయం, అందరూ ఒకే వరుస పాడతారు; గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, దానికి ప్రాణం. ముఖారి రాగం పాడుతూ పైన ఒక వరుస, కింద ఒక వరుస పెడితే మిగిలేది ముఖారి కాదు. ఆరేళ్లు విన్నంత మాత్రాన దాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేము.

కట్టమంచి_శ్రోత:
భారతీయ సంగీతంలో హార్మనీతో బృందగానం కుదరదని తేల్చేముందు ఎం.బి. శ్రీనివాసన్ గారిని ఒకసారి తలచుకోండి. ఆయన 1925లో మన చిత్తూరులోనే పుట్టారు. మలయాళ చిత్రాలకు సంగీతం కూర్చిన ఆయనే మద్రాస్ యూత్ క్వైర్‌ను స్థాపించి, భారతీయ భాషల పాటలను బహుగళ బృందగానాలుగా మలిచారు. 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. సంగీతం నేర్చుకోని మామూలు యువతను, పిల్లలను నిలబెట్టి పాడించిన మనిషి. ఆయన పుట్టిన ఊళ్లో ఆ పేరు అడిగితే పదిమందిలో ఒకరికి తెలియడం గగనం. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

ఆరు_శ్రుతి:
ఆయనంటే నాకూ గౌరవమే. అయితే ఆయన వరుసలు కట్టింది ఆ ఉద్దేశంతో ఎంచుకున్న పాటలకు. ముఖారి వంటి రక్తిరాగంలో ఉన్న సంకీర్తనకు అదే పని చేయవచ్చునా అన్నది నా ప్రశ్న.

కొండకింది_భక్తుడు:
ఎవరి పద్ధతి అయినా కానివ్వండి, అన్నమయ్య స్వయంగా కట్టిన వరుసలలో వేలు పెట్టవద్దు. ఆరువందల ఏళ్లుగా వస్తున్న బాణీలు అవి.

తని_ఆవర్తనం:
స్వామీ, అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులమీద పాట ఉన్నది, పైన రాగం పేరు ఉన్నది, స్వరం లేదు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుంచి రేకులు బయటపడిన తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించి అచ్చుకు తెచ్చారు. వందకు పైగా పాటలకు రాళ్లపల్లివారే వరుసలు కూర్చారు. ఆ తరువాత ఎందరో కూర్చారు. మనం ఈనాడు పాడుతున్న వరుసల్లో చాలావరకు గత శతాబ్దంలో పుట్టినవే. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. భక్తి ఉండవలసిందే, లెక్క కూడా ఉండాలి.

కొండకింది_భక్తుడు:
రేకులలో రాగం పేరు ఉన్నదని మీరే ఒప్పుకున్నారు. నాకు అది చాలు.

గొంతు_మారినవాడి_నాన్న:
ఈ చర్చ ఎటు పోయినా, అబ్బాయిల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మావాడు ఎనిమిదో ఏట చేరాడు. తారషడ్జమం, అంటే పై ‘స’ మీద నిలబడితే సభలో తలలు తిరిగేవి. ఐదేళ్లు ముందువరుసలో, సరిగ్గా మధ్యన నిలబెట్టారు. పదమూడో ఏట ఒక ఆదివారం సాధనలో అనుపల్లవి ఎత్తుకోబోయి గొంతు రెండుగా చీలింది. పిల్లలు నవ్వారు, వాడూ నవ్వాడు. మరుసటి వారం కూడా అలాగే అయింది, ఈసారి వాడు నవ్వలేదు. కార్యక్రమం దగ్గరపడుతున్నది, ఒకరిని తీసివేస్తే వరుస వంకరగా కనబడుతుంది. అందుచేత బృందంలో ఒక పెద్ద గాయని వాడి దగ్గరకు వచ్చి, “నాన్నా, పెదవులు కదుపు చాలు, శబ్దం వద్దు” అన్నారు. మెల్లగానే అన్నారు, ప్రేమగానే అన్నారు. మావాడు ఆ అరగంటా పట్టుపంచె కట్టుకుని, ఒక్క అక్షరం పలకకుండా, నవ్వుముఖంతో పెదవులు కదిపాడు. ఇంటికి వచ్చి శ్రుతిపెట్టెను అటకమీద పెట్టేశాడు.

గొంతు మారడం జబ్బు కాదని, ఏడాదో ఏడాదిన్నరో తక్కువ స్థాయిలో మెల్లగా పాడుకుంటే కొత్త గొంతు కుదురుకుంటుందని చెప్పేవారు ఆ రోజున ఒక్కరు లేకపోయారు. నాకూ తెలియదు, నేను బ్యాంకు ఉద్యోగిని. ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్దమనిషిని ఒకటి అడుగుతాను. అక్కడ గొంతు మారిన పిల్లవాడిని ఏమి చేస్తారు?

థేమ్స్_నుంచి_స్వర్ణముఖికి:
నిజం చెప్పాలంటే అక్కడా సాధారణంగా పదమూడో ఏటికి బృందం నుంచి వెళ్లిపోతారు. అయితే ఆ సంగతి చేరేనాడే అందరికీ తెలిసి ఉంటుంది, చివరి కార్యక్రమం చివరిదని తెలిసే పాడతారు. కొందరు పెద్దయ్యాక కింది వరుసలలోకి తిరిగి వస్తారు. మీ అబ్బాయికి జరిగింది చదివాక నా మొదటి టపాలోని అధికారం కొంత తగ్గించుకోవాలనిపించింది.

కొర్లగుంట_గాయని:
ఆ పెద్ద గాయని నేను కాదు. కాకపోయినా ఆ మాట నేనూ ఇద్దరు పిల్లలతో అన్నాను. మాకు ముందు మైకులు నాలుగు, పిల్లల వరుసలకు రెండు, ఆ రెండింటిలో ఒకటి తరచు మూగబోతుంది. అది మోగే రోజున గొంతు చీలిన పిల్లవాడు దాని ఎదుట నిలబడితే ఇంకేమీ వినబడదు. ఆ భయంతో అన్నాను. మైకు ముందు నుంచి జరిపి, మగవారి పక్కన నిలబెట్టి, కింది స్థాయిలో పాడమని ఉండవచ్చు. తోచలేదు.

మూడు_పట్టుపావడాలు:
ప్రశంసాపత్రాలు ఎవరు రాస్తారో మీకు తెలిస్తే చెప్పండి మేడమ్. పేరులో “శ్రీ” బదులు “స్త్రీ” అని ఉంది.

గిరింపేట_అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం సాధనకు తీసుకువెళ్లి రెండు గంటలు వెనక కుర్చీలో కూర్చున్నాను. శ్రుతిపెట్టె ఐదుమీద ఉన్నది. అడిగితే, పిల్లలు లేని రోజున నాలుగున్నర పెట్టుకుంటామన్నారు. పాట పైకి వెళ్లినచోట మగవారిలో ఒకాయన ఆగి నీళ్లు తాగడం చూశాను, అది మౌనమో దాహమో తెలియలేదు. మా అమ్మాయి రెండో వరుసలో చివర నిలబడింది. తిరుగు ప్రయాణంలో చంద్రగిరి దాటేదాకా అదే పల్లవి పాడింది, గొంతు బొంగురుపోలేదు. ఒక నెల పంపి చూస్తాము. పాఠానికి ఆదివారం బదులు శనివారం కుదురుతుందని గురువుగారు అన్నారు.

సాధన ఏడున్నరకు ముగిసింది. ఆ తరువాత బస్సుల సంగతి మాత్రం ఇంతమందిలో ఎవరూ చెప్పలేదు.

తని_ఆవర్తనం:
చిత్తూరు బస్సులు ఆ వేళకు ఉంటాయమ్మా, నేను మృదంగంతో వాటిలోనే వస్తుంటాను. సెలవు రోజుల్లో, బ్రహ్మోత్సవాలలో కొండ దిగినవారంతా బస్టాండులోనే ఉంటారు కాబట్టి సీటు దొరకదు. పాపకు తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.