అప్‌డేట్: ‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడా, కాసేపట్లోనా? తేలింది

అంబాజీపేట నుంచి కొబ్బరి పీచు పంపే మాకు లండన్ పార్టీ ఒకరు ‘వుయ్ విల్ రిలీజ్ ద బ్యాలెన్స్ ప్రెజెంట్లీ’ అని మెయిల్ పెట్టారు. బ్యాలెన్స్ ఇప్పుడే వేస్తున్నారా, తర్వాతా అని టెన్షన్ పడి ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

‘ముందు క్రియ చూడండి’ అన్న సలహాయే పనికొచ్చింది. అమలాపురంలో రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్ గారిని కలిస్తే ఆయనా అదే మాట. ముందు ‘విల్’ ఉంటే త్వరలో అని. ‘హి ఈజ్ ప్రెజెంట్లీ వర్కింగ్ ఇన్ కాకినాడ’ అంటే మాత్రం ప్రస్తుతం అని. మన ఆఫీసు ఇంగ్లిష్‌లో ఈ రెండోదే ఎక్కువ, అందుకే తికమక. ఈ వాడుకను తప్పనే బ్రిటిష్ వాళ్లూ ఉన్నారు గానీ, అది ఎప్పటినుంచో ఉన్నదే. అమెరికాలో, స్కాట్లాండ్‌లో మామూలే. షేక్‌స్పియర్ కాలంలో అయితే ఏకంగా ‘వెంటనే’ అట! మనం ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అని ఇంట్లోంచి కదలనట్టే, ఆ ‘వెంటనే’ కాస్తా జారిజారి ‘కాసేపట్లో’ అయిందన్నమాట.

ట్రాన్స్‌లేషన్ యాప్ ‘ప్రస్తుతం’ అనే చూపించింది, దాన్ని నమ్మి లాభం లేదు.

మనం రాసేటప్పుడు ‘కరెంట్లీ’ అనో ‘సూన్’ అనో తేల్చి రాయమన్నారు లెక్చరర్ గారు. నేను మాత్రం తారీఖు చెప్పమని తిరుగు మెయిల్ పెట్టాను. చెప్పారు, ఆ తారీఖుకే డబ్బు పడింది.