అప్‌డేట్: చివరి పార్టిషన్ ఎందుకు స్లోగా ఉందో తెలిసింది

పోయిన వారం అడిగాను కదా, ఒకే హార్డ్ డిస్క్‌లో మొదటి పార్టిషన్ (డిస్క్‌ని విడగొట్టుకున్న భాగం) వేగంగా ఉంది, చివరిదానికి సగం స్పీడే వస్తోంది, డిస్క్ పోతోందా అని. పెళ్లి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్ పడ్డాను. ముందు బ్యాకప్ తీసుకుని, మీరు చెప్పినట్టే స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే రిపోర్ట్) చూశాను, ఒక్క బ్యాడ్ సెక్టార్ (చదవలేనంతగా పాడైన చోటు) కూడా లేదు.

తర్వాత డిస్క్ మొత్తానికి రీడ్ టెస్ట్ పెడితే గ్రాఫ్ సెకనుకు 180 ఎంబీ దగ్గర మొదలై, మెట్లు మెట్లుగా దిగుతూ చివరికి 90కి వచ్చింది. ఆ మెట్లే అసలు సంగతి. 7200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ కాబట్టి ఎక్కడ చదివినా ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లే పడుతుంది, కానీ డేటా ఉండే గుండ్రటి వరసల్లో (ట్రాక్‌లు) బయటిదాని పొడవు ఎక్కువ, అందులో సెక్టార్లు (డేటా దాచే చిన్న ముక్కలు) ఎక్కువ పడతాయి, అందుకే అదే చుట్టులో ఎక్కువ డేటా వస్తుంది. పక్కపక్క ట్రాక్‌లని గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒకే లెక్కలో సెక్టార్లు పెడతారు, గుంపు మారిన చోటల్లా ఒక మెట్టు దిగుతుంది. సెక్టార్ల నంబర్లు బయటి అంచు నుంచే మొదలవుతాయి కనుక ఆ లాభం మొదటి పార్టిషన్‌కి దక్కింది.

చిన్న చిన్న ఫైళ్లకి ఈ తేడా పెద్దగా తెలియదు, అక్కడ డేటా చదివే హెడ్ అటూ ఇటూ కదలడానికే టైమ్ అంతా పోతుంది. ఎడిటింగ్ వీడియోలు మొదటి పార్టిషన్‌కి మార్చేశాను, ఫోటోలు చివర్లోనే ఉంచాను. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.