సొర పాదు పందిరంతా పాకింది, ఆగస్టు అయిపోతోంది, ఒక్క కాయ లేదు

పెరటిపిచ్చి (ఎడిసన్, న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. మే మధ్యలో నాటిన సొర పాదు పందిరి దాటి, ఫెన్స్ ఎక్కి, ఇప్పుడు పక్కింటివాళ్ల వైపు కూడా దిగింది. ఒక్కో ఆకు చాటంత. పువ్వులు రోజుకు పదికి తక్కువ ఉండవు. కాయ మాత్రం లేదు. పిందె బొటనవేలంత అవుతుంది, నాలుగైదు రోజులకు కొస నుంచి పసుపు తిరిగి, ముట్టుకుంటే ఊడి చేతికొచ్చేస్తుంది. చిక్కుడైతే ఇంకా ఘోరం, నిచ్చెన వేసుకుని వెతికినా ఒక్క పూత కనపడలేదు. గోంగూర ఒక్కటే పరువు నిలబెట్టింది, ఇప్పటికి మూడు కోతలు కోసి రెండుసార్లు పచ్చడి పెట్టాం. మా అత్తగారు జూన్‌లో ఇండియా నుంచి వచ్చారు, అక్టోబర్ మొదట్లో వెళ్లిపోతారు. రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని పాదు కిందికెళ్లి, తలెత్తి చూసి, ఏమీ అనకుండా లోపలికొచ్చేస్తారు. ఏదో ఒకటి అనేస్తే బాగుండు. ఇంకేమైనా చేయొచ్చా, లేక ఈ ఏడాదికి ఇంతేనా?

బెండతోట (ఫ్రిస్కో, టెక్సస్)
ఇంకా టైముందండి, టెన్షన్ పడకండి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారి ఎండెక్కేసరికి వాడిపోతుంది. తేనెటీగలు తిరిగేదేమో పగలు. అందుకని మనమే తేనెటీగలం కావాలి. రాత్రి ఎనిమిదింటికి టార్చ్ పట్టుకుని వెళ్లండి. సన్నని పొడుగు కాడ మీద ఉత్త పువ్వుంటే అది మగపువ్వు. పువ్వు కింద వేలెడంత నూగు పిందె ఉంటే ఆడపువ్వు. మగపువ్వు కోసి, రేకులు పీకేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. తర్వాత ఆ పిందె కాడకు దారం కట్టుకోండి, లేకపోతే ఏది చేశామో మనకే గుర్తుండదు. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. కాకర, దోస, గుమ్మడి మాత్రం పొద్దునే.

మట్టిచేతులు (ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ)
ఆకు చాటంత అన్నారు, అక్కడే అనుమానమొచ్చింది. ఎరువు ఏం వేశారు?

పెరటిపిచ్చి
కోడి ఎరువండి. మే నెలలో ఒక బస్తా, జులైలో ఇంకో బస్తా. పాదు ఒక్కటే 😬

మట్టిచేతులు
అదీ సంగతి. నత్రజని ఎక్కువైతే తీగ తీగలాగే సాగుతుంది గానీ కాయ మీదికి మనసు పోదు. ఇక ఏ ఎరువూ వేయకండి. నీళ్లు మాత్రం తప్పకుండా పోయండి, పిందె దశలో మొదలు ఎండితే అవీ రాలతాయి. ఆకుల మీద కాదు, మొదట్లో. ఆగస్టు చివర్లో మా దగ్గర రాత్రిళ్లు చల్లబడి మంచు పట్టేసరికి ఆకుల మీద తెల్లగా పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది, అలాంటి ఆకులు కనిపిస్తే కోసి చెత్తలో పడేయండి, కంపోస్ట్‌లో వద్దు. ఇంకోటి, తీగల కొసలు తుంచండి. పక్క కొమ్మలొస్తాయి, ఆడపువ్వులు వాటి మీదే ఎక్కువ.

బెండతోట
కొసలు తుంచడం జూన్‌లో చేయాల్సిన పని, ఇప్పుడు కాదండి. ఇప్పుడు తుంచితే కొత్త కొమ్మ వచ్చి, పూత పట్టి, కాయ ఎదిగేసరికి మీకు చలి వచ్చేస్తుంది. ఉన్న ఆడపువ్వుల సంగతి చూసుకోమనండి చాలు.

మట్టిచేతులు
మీకు నవంబర్ మధ్యదాకా ఫ్రాస్ట్ (మొక్కల్ని మాడ్చేసే గడ్డమంచు) ఉండదు కాబట్టి మీ లెక్క వేరు అనుకున్నా గానీ, ఇది నిజమే, ఒప్పుకుంటున్నా. మాకు అక్టోబర్ రెండో సగంలో అంతా నల్లగా మాడిపోతుంది.

మిద్దెతోట (హైదరాబాద్)
మీరంతా వేసవి చివర అంటున్నారు, మాకిక్కడ వాన ఆగట్లేదు, గ్రో బ్యాగుల కింద కన్నాలు పొడుచుకుంటూ కూర్చున్నా. మా వేసవి చివరంటే రోహిణి కార్తె, అప్పుడు గ్రీన్ నెట్ కింద రెండు పూటలా నీళ్లు పోసినా టమాటా ఒక్క పిందె నిలవదు.

చిక్కుడు సంగతి చెప్తా. అది పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తుంది. మనం ఎన్ని నీళ్లు పోసినా అది వినదు. గుర్తు తెచ్చుకోండి, రథసప్తమికి చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకు మీద పరమాన్నం పెడతాం కదా, ఎందుకంటే అప్పటికి పెరట్లో చిక్కుడే చిక్కుడు. మాకు జూన్, జులైలో పెట్టిన పాదు కార్తీకంలో పూతకొచ్చి సంక్రాంతికి బుట్టలకొద్దీ ఇస్తుంది. మీకు ఆ టైముకు పెరట్లో మంచు గడ్డకట్టి ఉంటుంది. పాపం దాని తప్పేం లేదు.

చలిదేశం (మినియాపొలిస్)
మిద్దెతోట గారు చెప్పింది అక్షరాలా నిజం, నాలుగేళ్లు ఓడిపోయాక తెలిసింది. పోయినేడు ఒక పిచ్చిపని చేశా. చక్రాల స్టాండ్ మీద పెద్ద కుండీలో పొట్టి చిక్కుడు పెట్టి, జులై నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి గరాజ్‌లోకి తోసి, పొద్దున ఎనిమిదింటికి బయటికి లాగేవాణ్ణి. లోపల చీకటి. నెల దాటాక పూత వచ్చింది! మొత్తం మీద రెండు గుప్పెళ్ల కాయలు. మా ఆవిడ ఆ కూరను 'గరాజ్ చిక్కుడు' అంటుంది. ఈ ఏడు బుద్ధి తెచ్చుకుని ఆ పందిరికి అలసందలు ఎక్కించా, హాయిగా కాస్తున్నాయి.

బెండతోట
😂😂 గరాజ్ చిక్కుడు. మా వైపు కష్టం ఇంకో రకం. పగలు 100 డిగ్రీల ఫారెన్‌హీట్, రాత్రి కూడా 75 దిగదు, టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోయింది. జులై చివర్లో మొక్కల్ని మూడో వంతు కోసేసి వదిలేశా, ఇప్పుడు కొత్త చిగుళ్లు వస్తున్నాయి, అక్టోబర్ మీద ఆశ. బెండ మాత్రం రెండు రోజులు ఊరెళ్లొస్తే చాలు, కర్రలైపోతాయి.

పెరటిపిచ్చి (పదకొండు రోజుల తర్వాత)
అప్‌డేట్! మొదటి రాత్రి నేను, మా అత్తగారు టార్చ్‌తో వెళ్లాం. ఆవిడే పట్టుకున్నారు టార్చ్. మగపువ్వు రేకులు పీకుతుంటే 'నాకివ్వు, నువ్వు నలిపేస్తున్నావు' అని లాక్కున్నారు. మూడు రాత్రుల్లో ఏడు ఆడపువ్వులకు రాశాం, ఆవిడ పాత చీర అంచు చింపి గుర్తులు కట్టారు. రెండు రాలాయి, ఒకటి ఉడతో గ్రౌండ్‌హాగో కొరికేసింది. నాలుగు నిలిచాయి. పెద్దది మూరెడుంది, ఒళ్లంతా ఇంకా నూగుంది. కోయాలా, ఆగాలా?

మట్టిచేతులు
గోరు గుచ్చి చూడండి. సులువుగా దిగితే లేత, వెంటనే కోసేయండి. తీగ మీద ముదరనిస్తే మిగతా పిందెలకు బలం అందదు. విత్తనానికి ఉంచుదామన్న ఆశ కూడా వద్దు, మన చలిలోపు ముదరదు.

బెండతోట
కోశాక కొస నుంచి చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే కాయ మొత్తం పారేయాల్సిందే, వండినా ఆ చేదు పోదు, అది ఒంటికి మంచిది కాదు. పచ్చిది జ్యూస్ చేసుకునేవాళ్లైతే ఇంకా జాగ్రత్త.

పెరటిపిచ్చి
గోరు దిగింది. చేదు లేదు. సగం మజ్జిగపులుసు, సగం పాలు పోసి కూర. తొక్క కూడా పచ్చడికని అత్తగారు పక్కన పెట్టారు. నాకు ఇంకా అన్నం వడ్డించలేదు గానీ ఆవిడ ఫోన్‌లో విజయవాడకు కాయ ఫొటో పంపడం అయిపోయింది.