గోడలోంచి మేకు పొడుచుకొస్తే ఇంగ్లీష్‌లో ఏమనాలి?

ప్రశ్న (కొండాపూర్ సైట్): ఒక ఫ్లాట్ ఇంటీరియర్ పని చూస్తున్నాను. ఓనర్ గారు లండన్‌లో ఉంటారు, అక్కడి ఆర్కిటెక్ట్ పంపిన డ్రాయింగ్‌లో తలుపు బీడింగ్ (తలుపు చట్రం చుట్టూ కొట్టే పట్టీ) స్కర్టింగ్ (గోడ అడుగున నేల వెంబడి వేసే పట్టీ) కంటే "5 ఎంఎం ప్రౌడ్" ఉండాలని ఉంది. చెక్కకి గర్వమేంటన్నా అని మా కార్పెంటర్లు ఒకటే నవ్వు. రోజూ రిపోర్ట్ ఇంగ్లీష్‌లో పంపాలి కాబట్టి అడుగుతున్నా, ఏదైనా బయటికి పొడుచుకొచ్చి ఉంటే నేనూ ఇదే రాయొచ్చా? ఇక్కడ అందరూ "కమింగ్ అవుట్" అని రాసేస్తారు.

జవాబు (రందా మాస్టర్): రాయొచ్చు, వాళ్ల వడ్రంగుల రోజువారీ మాటే అది. పక్క తలం కంటే కాస్త పైకి తేలి ఉంటే ప్రౌడ్, సమానంగా ఉంటే ఫ్లష్. బీడింగ్ ఎందుకు తేలాలంటే స్కర్టింగ్ వచ్చి దానికే ఆనుతుంది కదా, స్కర్టింగే మందంగా ఉంటే దాని కోసిన అంచు బయటికి కనిపించి అసహ్యంగా ఉంటుంది, పైగా అక్కడ దుమ్ము పేరుకుంటుంది. నవ్వడం అయ్యాక ఆ 5 ఎంఎం మాత్రం వదలొద్దని చెప్పండి.

జవాబు (మెహిదీపట్నం టీచర్): "కమింగ్ అవుట్" మానేయండి బాబూ. "నెయిల్ ఈజ్ కమింగ్ అవుట్" అంటే మేకు వదులై ఊడొస్తోందని చదువుకుంటారు, అక్కడ ఓనర్‌కి లేనిపోని టెన్షన్. "స్టికింగ్ అవుట్" అంటే సరిపోతుంది. ప్రౌడ్ అనేది మిల్లీమీటర్ల వ్యవహారం, గోల్కొండ ఫతే దర్వాజా తలుపులకి ఏనుగులు గుద్దకుండా కొట్టిన ఇనుప ములుకులున్నాయే, వాటికి ఎవరూ ప్రౌడ్ అనరు, స్టిక్ అవుటే. బాల్కనీ, బండరాయి లాంటి పెద్దవాటికి "జట్ అవుట్" బాగుంటుంది. గుండ్రంగా ఉబ్బితే బల్జ్. అన్నట్టు, మానుతున్న గాయం మీద అతిగా పెరిగే కండని కూడా "ప్రౌడ్ ఫ్లెష్" అనేవాళ్లు, గుర్రాల డాక్టర్లు ఇప్పటికీ అంటారు.

కొండాపూర్ సైట్: థాంక్స్ మేడమ్. మరి పై అంతస్తు కోసం పిల్లర్ మీద వదిలేసిన రాడ్లు?

రందా మాస్టర్: అవి "స్టార్టర్ బార్స్". స్లాబ్ పైకి ఎంత పొడుగు వదిలారో రాయాలంటే "ప్రొజెక్ట్" వాడండి, కొలత పక్కన అదే నప్పుతుంది.