జావా 17 వేశాను, ఇంకా 1.8 అనే చూపిస్తోంది. పాత్‌లో ఏం తప్పు?

కొర్లగుంట_కోడర్ (తిరుపతి):
ఇంట్లో నాన్న సిస్టమ్‌లో (విండోస్ 10) జావా 17 జేడీకే (జావా ప్రోగ్రామ్‌లు తయారుచేసే కిట్) వేశాను. జావా ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే జావా_హోమ్ పెట్టాను, పాత్‌లో (కమాండ్ కొడితే విండోస్ వెతికే ఫోల్డర్ల లిస్టు) జేడీకే బిన్ ఫోల్డర్ చేర్చాను. కంపైల్ చేసే జావాసీని వెర్షన్ అడిగితే 17 అంటోంది, రన్ చేసే జావాని అడిగితే 1.8 అంటోంది! ప్రోగ్రామ్ కంపైల్ అవుతోంది. రన్ చేస్తే మాత్రం క్లాస్ ఫైల్ వెర్షన్ 61, నాకు 52 వరకే తెలుసు అని ఎర్రర్. రేపు ల్యాబ్‌లో చూపించాలి, ఒకటే టెన్షన్.

అలిపిరి_99:
కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరిచావా తమ్ముడూ? అప్పటికే తెరిచి ఉన్న విండోకి కొత్త పాత్ తెలీదు. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ అయితే దాన్నొక్కదాన్నే మూస్తే చాలదు, వీఎస్ కోడ్‌నే పూర్తిగా మూసి తెరవాలి. దీనికి నేను ఒక ఆదివారం తగలేశాను.

కొర్లగుంట_కోడర్:
సిస్టమే రెండుసార్లు రీస్టార్ట్ చేశానన్నా. తమ్ముణ్ణి కాదు, చెల్లెల్ని :)

గిరింపేట_సార్ (చిత్తూరు):
61 అంటే జావా 17, 52 అంటే జావా 8, నీకు 1.8 అని కనబడేది అదే. కంపైల్ చేసింది కొత్తది, రన్ చేస్తున్నది పాతది. ‘వేర్ జావా’ (where java) అని కొట్టి ఏమొచ్చిందో చెప్పమ్మా. మన వీధిలో ‘వెంకటేశూ’ అని కేకేస్తే మొదటి ఇంట్లోవాడే పలుకుతాడు, మనకు కావాల్సినవాడు నాలుగో ఇంట్లో ఉన్నా. పాత్ కూడా అంతే. వరసలో ముందు ఏ ఫోల్డర్‌లో దొరికితే దాన్నే నడుపుతుంది, మిగతావి చూడదు.

కొర్లగుంట_కోడర్:
రెండు వచ్చాయి సార్. పైన ఒరాకిల్\జావా\జావాపాత్, కింద నా జేడీకే 17. కానీ నేను మూవ్ అప్ కొట్టి నాదే అన్నిటికన్నా పైన పెట్టాను కదా?

గిరింపేట_సార్:
యూజర్ వేరియబుల్స్‌లో పెట్టుంటావు. విండోస్ సిస్టమ్ పాత్‌ను ముందు తీసుకుని, యూజర్ పాత్‌ను దాని వెనక తగిలిస్తుంది. నీ లిస్టులో నువ్వు మొదలే, మొత్తంలో వెనకే. ఆ జావాపాత్‌ను జావా 8 ఇన్‌స్టాలర్ సిస్టమ్ పాత్‌లో పెట్టిపోయింది. అందులో జావాసీ ఉండదు, అందుకే అదొక్కటి 17 అంది.
జావా_హోమ్‌ను సిస్టమ్ వేరియబుల్స్‌లోకి మార్చు, చివర ‘బిన్’ లేకుండా. మేవెన్ లాంటి బిల్డ్ టూల్స్ బిన్‌ను తామే కలుపుకుంటాయి. తర్వాత సిస్టమ్ పాత్‌లో %జావా_హోమ్%\బిన్ చేర్చి అన్నిటికన్నా పైకి జరుపు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగొచ్చు, నాన్నను పక్కన కూర్చోబెట్టుకో.

బెల్లం_మండీ (చిత్తూరు):
ముందు పాత పాత్‌ను నోట్‌ప్యాడ్‌లో దాచుకో చెల్లెమ్మా. నేను ఏదో వీడియో చూసి ‘సెట్ఎక్స్’ కమాండ్‌తో మార్చాను. 1024 అక్షరాలు దాటిందంతా అది కోసేస్తుంది. వార్నింగ్ ఇచ్చింది గానీ ఎవరు చదివారు! గిట్ లేదు, పైథాన్ లేదు, నోడ్ లేదు. అదృష్టం, పాత కమాండ్ విండో ఒకటి మూయకుండా ఉంది. దాంట్లో ‘ఎకో %పాత్%’ కొడితే పాతదంతా అట్లే కనబడింది, తెచ్చి పెట్టుకున్నా. ఆ టైములో కరెంటు పోయుంటే గోవిందా!

అలిపిరి_99:
పైథాన్ అంటే గుర్తొచ్చింది. పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోందా? సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఎలియాసెస్ వెతికి, పైథాన్ పేరున్నవి ఆఫ్ చేయండి.

పెంగ్విన్_శెట్టిపల్లి:
అందరూ ఉబుంటు వేసుకుంటే ఈ గోలే ఉండదు.

బెల్లం_మండీ:
ఉబుంటులో పాత్ కోసం బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ లైన్ రాసి, దాన్ని అమల్లోకి తెచ్చే సోర్స్ కమాండ్ కొట్టడం మర్చిపోయి మొన్న ఇక్కడే అడిగింది నువ్వే కదా సామీ.

కొర్లగుంట_కోడర్:
అయిపోయింది సార్, ఇప్పుడు రెండూ 17 అంటున్నాయి. థ్యాంక్స్ అందరికీ. జావా 8ని తీసేద్దామనుకున్నా గానీ, నాన్నకు టెండర్లలో డిజిటల్ సంతకానికి అదే కావాలట. ముట్టుకోలేదు.