4060, 3060, 4060 టీఐ: ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి?

కొత్తబిల్డు
నా దగ్గర ఉన్నది జీటీఎక్స్ 1060, 6 జీబీది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 450 వాట్ల పవర్ సప్లై. మానిటర్ 1080పి, 144 హెర్ట్జ్. ఆర్‌టీఎక్స్ 4060 కొనాలా, పాతదైనా 12 జీబీ మెమరీ ఉన్న 3060 మేలా, అప్పు చేసైనా 16 జీబీ 4060 టీఐకి పోవాలా? వారం నుంచి వీడియోలు చూసీ చూసీ బుర్ర వేడెక్కింది. ఆడేవి ఎక్కువగా ఆన్‌లైన్ షూటర్లు, అప్పుడప్పుడు పెద్ద స్టోరీ గేములు.

పిక్సెల్‌పిచ్చి
కళ్లు మూసుకుని 4060. అది 115 వాట్లే తాగుతుంది, 3060 అయితే 170.

పాతకాపు
కళ్లు తెరిచే కొనండి బ్రదర్. 4060 ఎనిమిది లేన్ల కార్డు, అంటే బోర్డుతో డేటా నడిచే దారులు ఎనిమిదే. మీ బీ450లో ఉన్న స్లాటు పీసీఐఈ 3.0, పాత, నెమ్మది రకం. మెమరీ సరిపోయినంతసేపు తేడా పెద్దగా తెలీదు. కార్డులోని 8 జీబీ నిండిందంటే మాత్రం టెక్స్చర్లు (ఆటలో గోడలకీ నేలకీ అద్దే బొమ్మలు) సిస్టమ్ ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది, మలుపు తిరిగినప్పుడల్లా ఆట కుదుపుతుంది. నేను 8 జీబీ కార్డుతో ఏడాది పాటు ఇదే బాధ పడ్డాను. చివరికి టెక్స్చర్లను అల్ట్రా నుంచి ఒక మెట్టు దించితే కుదుపు పోయింది. బొమ్మలో తేడా నా కళ్లకైతే ఆనలేదు.

పిక్సెల్‌పిచ్చి
అంటే 8 జీబీ చాలన్నట్టేగా 😄

పాతకాపు
1080పికి, సెట్టింగులు దించుకునే ఓపిక ఉంటే చాలు. 1440పికి మారితే పిక్సెళ్లు దాదాపు 1.8 రెట్లవుతాయి, అప్పుడు నా మాట వేరు. టీఐలో 8 జీబీదీ 16 జీబీదీ చిప్ ఒకటే. మెమరీ నిండని ఆటల్లో ఆ ఎక్కువ డబ్బుకి ఏమీ రాదు.

స్క్రూడ్రైవర్
అసలు అడ్డం పడుతున్నది కార్డేనని ఎవరు తేల్చారు? ఫ్రేములకి కళ్లెం వేసే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ సెట్టింగులు తీసేసి, రిజల్యూషన్ 720పికి దించి ఆడి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే లోటు కార్డుది. కదలకపోతే ప్రాసెసర్ వైపు ఆగిపోయింది, ఏ కార్డు పెట్టినా అంతే. ఈ పరీక్ష చెయ్యకుండా ఖరీదైన కార్డు కొన్నాను. నేనాడే షూటర్‌లో పది ఫ్రేములు కూడా పెరగలేదు. ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

కొత్తబిల్డు
చేశాను. స్టోరీ గేము 48 నుంచి 80 దాటింది. షూటర్ మాత్రం 110 దగ్గరే అతుక్కుపోయింది!

స్క్రూడ్రైవర్
అనుకున్నా. ర్యామ్ రెండు స్టిక్కులా, ఒకటా?

కొత్తబిల్డు
ఒకటే, 16 జీబీది.

స్క్రూడ్రైవర్
దొరికింది దొంగ. ఒక్క స్టిక్కంటే సింగిల్ ఛానల్, ర్యామ్‌కి ఒకటే దారి. అలా ఉంటే రైజెన్ చేతులు కట్టేసినట్టు ఉంటుంది. అదే రకం స్టిక్ ఇంకోటి పెట్టండి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగానికి నడిపే సెట్టింగు) ఆన్ చెయ్యండి. అప్పటికీ చాలకపోతే బయోస్ అప్‌డేట్ చేసి ఇదే బోర్డు మీద రైజెన్ 5700ఎక్స్ ప్రాసెసర్ పెట్టుకోవచ్చు.

పాతకాపు
పవర్ సప్లై కూడా చూసుకోండి. 4060కి కంపెనీ 550 వాట్లు ఉండాలంటుంది. మంచి 450 లాగేస్తుందనుకోండి, కానీ మీది ఎన్నేళ్ల నాటిది?

కొత్తబిల్డు
ఆరేళ్లు. సరే, అదీ మారుస్తాను. స్టిక్ పెట్టి వచ్చి చెప్తా.

కొత్తబిల్డు
పెట్టాను. షూటర్ 130 పైనే నడుస్తోంది, కార్డు ఇంకా పాతదే! టీఐ ఆశ వదిలేశాను. 4060, కొత్త పవర్ సప్లై తీసుకుంటున్నా. మూడు ఫ్యాన్లది బాగుంది, అది క్యాబినెట్‌లో పట్టేస్తుందా?

పిక్సెల్‌పిచ్చి
115 వాట్లకి మూడు ఫ్యాన్లెందుకు, రెండు ఫ్యాన్లది చాలు. ఏదైనా సరే క్యాబినెట్‌లో టేపు పెట్టి కొలవండి, ముందున్న ఫ్యాన్ల మందం తీసేసి. నేను కొలవకుండా కొని హార్డ్ డిస్క్ పెట్టే ఫ్రేముని రంపంతో కోశాను.