హిందూ మహాసముద్ర ద్వీపదేశం సీషెల్స్‌లో బహుళపార్టీ ఎన్నికలు: రెనే ఇచ్చాడా, ఇవ్వక తప్పలేదా?

గోదారిగట్టు: 1977లో అధ్యక్షుడు మాంచమ్ లండన్ వెళ్లినప్పుడు ఫ్రాన్స్-ఆల్బర్ట్ రెనే గద్దెనెక్కాడు, నిజమే. 1979 నుంచి ఏకపార్టీ, అదీ నిజమే. కానీ 1991 డిసెంబరులో మిగతా పార్టీలను రానిచ్చిందీ ఆయనే. 1993 జులైలో వాటితో పోటీపడి 59.5 శాతంతో గెలిచాడు. భయపడి ఇచ్చినవాడి లెక్కలా ఉందా ఇది?

పాతపేపరు: సోవియట్ యూనియన్ కుప్పకూలిన నెల పేరు చెప్పండి గోదారి గారూ. అదే డిసెంబరు! బ్రిటన్, ఫ్రాన్స్ కూడా ఒత్తిడి పెట్టాయి.

గోదారిగట్టు: 1992 నవంబరు రెఫరెండం మాటేమిటి? ముసాయిదా రాజ్యాంగానికి 53.7 శాతం వచ్చింది, 60 కావాలి. వీగిపోయింది, ఆయన ఒప్పుకున్నాడు. నియంతైతే 53ని 63 చేసుకోడూ?

పాతపేపరు: ఆ ముసాయిదా ఎవరిది? మాంచమ్ పార్టీ రాజ్యాంగం రాసే కమిషన్ నుంచి బయటికొచ్చేశాక రెనే పార్టీ రాసుకున్నది. అందరూ కూర్చుని మళ్లీ రాస్తే 1993 జూన్‌లో దాదాపు 74 శాతం వచ్చింది.

గోదారిగట్టు: 60 గురించి అడిగితే 74 అంటారేంటండీ. 60కి జవాబు చెప్పండి.

మాహే_మూర్తి: నేను అక్కడ బిల్డింగు పనికి వెళ్లినవాణ్ణి. మా కంపెనీవాడు ఆఖరి జీతం ఎగ్గొట్టాడు, ఎవరికి చెప్పుకోవాలో తెలీలేదు. పార్టీలు ఎన్నుంటే ఏం లాభం?

సుజాత: మూర్తిగారూ, మీ జీతానికీ దీనికీ ఏం సంబంధం?

మాహే_మూర్తి: సంబంధం ఉంది. పక్కింటి ముసలాయన రెనే పేరెత్తితే లేచి నిలబడేవాడు. బడి, ఆసుపత్రి ఊరికే వచ్చాయట. ఆయన్ని నియంత అంటే ఊరుకోడు.

పాతపేపరు: జెరార్ హోఆరో పేరు విన్నాడా ఆ ముసలాయన? ప్రవాసంలో ఉన్న ప్రతిపక్ష నేత. 1985లో లండన్‌లో ఇంటి ముందే కాల్చేశారు. ఎవరు చంపించారో తేలనే లేదు.

గోదారిగట్టు: తేలనిదాన్ని రెనే నెత్తిన రుద్దకండి! మా తాత ప్రతి ఎన్నికకీ వరసలో నిలబడ్డాడు. చివరికి జ్వరమొచ్చి, ఊళ్లో డాక్టరు లేక పోయాడు. ఆ ఓట్లేం చేశాయో చెప్పండి.

పాతపేపరు: అదన్నమాట. ఇంతసేపూ 60 శాతం అని సాగదీశారు. అసలు మీకు ఓటు మీదే నమ్మకం లేదు.

గోదారిగట్టు: ముందు డాక్టరు అన్నాను. ఓటొద్దని ఎక్కడన్నాను?

పాతపేపరు: ఆ "ముందు" ఎంతకాలం? రెనే పార్టీ అధ్యక్ష ఎన్నికలో ఓడింది 2020లో, ప్రతిపక్ష నేత రామ్‌కలవాన్ చేతిలో. అంతవరకూ జనం ఆగాల్సిందేనా?

సుజాత: 2025లో పాత పార్టీవాడే, హెర్మినీ, మళ్లీ గెలిచాడు. రామ్‌కలవాన్ దిగిపోయాడు.

గోదారిగట్టు: చూశారా! జనమే తెచ్చుకున్నారు.

పాతపేపరు: తెచ్చుకున్నది ఓటుతోనేగా సారూ.

గోదారిగట్టు: 60 సంగతి ఇంకా చెప్పలేదు మీరు.